పగిలాకే తెలిసే ధర

కొత్త ఫోన్ కొందామని షాపులోకి వెళ్తే కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో, బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో, ఎన్ని నిమిషాల్లో చార్జింగ్ నిండుతుందో సేల్స్ కుర్రాడు గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. నెలకు ఈఎంఐ ఎంత పడుతుందో, పాత ఫోన్‌కు ఎంత తగ్గిస్తారో కాగితం మీద లెక్కేసి మరీ చూపిస్తాడు. ‘స్క్రీన్ పగిలితే ఎంతవుతుంది?’ అని అడిగి చూడండి. చాలాసార్లు జవాబు రాదు. అతనికీ తెలియదు, ఎవరూ అతనికి చెప్పలేదు. ‘ఏం కాదు సార్, టెంపర్డ్ గ్లాస్ వేసిస్తా, కావాలంటే ప్రొటెక్షన్ ప్లాన్ తీసుకోండి’ అని మాట దాటేస్తాడు. ఫోన్‌లో అన్నిటికంటే తేలిగ్గా దెబ్బతినే భాగం స్క్రీనేనని తయారీదారుకు తెలుసు, అమ్మేవారికి తెలుసు, కొనేవారికీ తెలుసు. దాని ధర మాత్రం పగిలాక, సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర, ఎస్టిమేట్ చేతికి వచ్చాక గానీ కొన్నవారికి తెలియదు. అప్పటికి ఎంచుకోవడానికి ఏమీ మిగలదు. అడిగినంత కట్టాలి, లేదా ఫోన్ పక్కన పడేసి మరొకటి కొనాలి.

కొన్ని కంపెనీలు విడిభాగాల ధరలను తమ వెబ్‌సైట్లలో పెడుతున్నాయి. అది మెచ్చుకోదగిన పనే. కానీ ఆ పేజీ ఉందని తెలిసినవారు ఎంతమంది? కొనేముందు దాన్ని వెతికి, మోడల్ నంబరు సరిచూసుకుని, పన్ను కలిపిందో లేదో తేల్చుకునే ఓపిక ఎవరికుంది? కొనుగోలుదారు కళ్లెదుట లేని ధర చెప్పని ధరతో సమానం.

ఈ విషయంలో మన చట్టం మూగగా లేదు. వినియోగదారుల రక్షణ చట్టం–2019లోని సెక్షన్ 2(9) వస్తువు నాణ్యత, ప్రమాణం, ధర వంటి వివరాలు తెలుసుకోవడం వినియోగదారుడి హక్కు అని చెబుతోంది. సెక్షన్ 2(11) ‘సేవాలోపం’ అంటే ఏమిటో నిర్వచిస్తూ, సంబంధిత సమాచారాన్ని కావాలని తొక్కిపట్టడం కూడా సేవాలోపమేనని చేర్చింది. 1986 నాటి పాత చట్టంలో ఈ మాట లేదు. కొత్త చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చింది. ఆ మాటకు ఫోన్ కౌంటర్ల దగ్గర ఇంకా ప్రాణం రాలేదు.

పదిహేను వేల ఫోన్‌కు స్క్రీన్ మార్పిడి నాలుగు వేలు దాటడం ఇవాళ మామూలు విషయం. ఖరీదైన ఫోన్లలో ఆ మొత్తంతో మధ్యస్థాయి కొత్త ఫోన్ వస్తుంది. మడత ఫోన్లలో లోపలి స్క్రీన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి ఫోన్ అసలు ధర పెట్టె మీది ఎంఆర్పీతో ముగిసిపోదు. రెండు మూడేళ్ల వాడకంలో ఒక్కసారైనా చేయి జారే అవకాశం ఉన్న వస్తువుకు ఆ మరమ్మతు ఖర్చు కూడా ధరలో భాగమే. ఒకే ధర పలికే రెండు ఫోన్లలో ఒకదాని స్క్రీన్ రెండు వేలు, రెండోదాని స్క్రీన్ ఐదు వేలు అయితే అవి ఒకే ధర ఫోన్లు కావు. ఆ తేడా ముందే తెలిస్తే జనం తప్పకుండా పోల్చి చూస్తారు. జనం పోల్చడం మొదలుపెడితే కంపెనీలు ధర తగ్గించక తప్పదు. సమాచారానికి ఉన్న బలం అదే, దాన్ని దాచడంలో ఉన్న లాభం కూడా అదే.

ఈ భారం అందరి మీదా ఒకేలా పడదు. ఆఫీసులో కంప్యూటర్ ఉన్నవారికి ఫోన్ రెండు రోజులు లేకపోతే చికాకు. డెలివరీ చేసే కుర్రాడికి ఆ రెండు రోజులూ కూలి పోయినట్టే. ఉపాధి హామీ పనుల హాజరును 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్నిచోట్లా ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లోనే నమోదు చేయాలన్నారు. పని దగ్గర కూలీలను పర్యవేక్షించే మేట్ రోజుకు రెండుసార్లు వారి ఫొటో ఎక్కించాలి. చాలాచోట్ల అది మేట్ సొంత ఫోనే. అంగన్‌వాడీ టీచరు పిల్లల బరువు, ఎత్తు పోషణ్ ట్రాకర్‌లో నింపాలి. పింఛను, రేషన్, బ్యాంకు, గ్యాస్, అన్నిటికీ ఓటీపీ ఆ తెర మీదే కనబడాలి. ప్రభుత్వమే ఇన్ని పనులను ఫోన్‌కు ముడిపెట్టాక, పగిలిన స్క్రీన్‌ను ‘మీ అజాగ్రత్త, మీ ఖర్చు’ అని వదిలేయడం న్యాయం కాదు.

నిజమే, ఫోన్ కిందపడితే తప్పు కంపెనీది కాదు. వారంటీ వర్తించదు, మరమ్మతు ఖర్చు యజమానే పెట్టుకోవాలి. దాన్ని ఎవరూ కాదనడం లేదు. వివాదమంతా ఎంత కట్టాలి, ఎవరి దగ్గర చేయించుకోవాలి అన్న రెండు విషయాల మీదే. ఈ రెండింటినీ ఇప్పుడు తయారీదారు ఒక్కరే నిర్ణయిస్తున్నారు.

పగిలేది పైనున్న పలుచని గాజు. ధర చెప్పేది మొత్తం డిస్‌ప్లేకు. ఈ తిరకాసు ఎక్కడుందో తెలియాలంటే స్క్రీన్ నిర్మాణం చూడాలి. పైన గాజు, దాని కింద తాకితే పలికే టచ్ పొర, ఆ కింద బొమ్మను చూపే ప్యానెల్, ఈ మూడింటినీ పారదర్శకమైన జిగురుతో ఒకే పలకగా అతికిస్తారు. మరమ్మతు బజారులో దీన్నే ‘కాంబో’ అనీ, ‘ఫోల్డర్’ అనీ అంటారు. పాత ఫోన్లలో గాజు విడిగా వచ్చేది, కొద్ది డబ్బులకే మార్చేవారు. ఇప్పుడు అతుకు వల్ల ఫోన్ పలుచనైంది, బొమ్మ స్పష్టత పెరిగింది, మరమ్మతు ఖరీదైంది. అధీకృత సర్వీస్ సెంటర్‌లో గాజు ఒక్కటే మార్చే పద్ధతి దాదాపు లేదు. బొమ్మ చక్కగా కనిపిస్తున్నా, టచ్ పనిచేస్తున్నా పలక మొత్తం మార్చాల్సిందే. కొన్ని మోడళ్లకైతే చుట్టూ ఉన్న ఫ్రేమ్‌తో కలిపే స్క్రీన్ వస్తుంది. పగలని ఫ్రేమ్‌కు కూడా డబ్బు కట్టాలి.

గాజు ఒక్కటే మార్చే పనితనం వీధిలో ఉంది. హైదరాబాద్ ఆబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్‌కు వెళ్లి ఒక బల్ల దగ్గర పావుగంట నిలబడితే తెలుస్తుంది. ఫోన్‌ను వేడి పలక మీద పెట్టి జిగురు మెత్తబడనిస్తారు. పలుచని ప్లాస్టిక్ ముక్కతో అంచు లేపి, ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీస్తారు. ఆ తర్వాతే డిస్‌ప్లేను బోర్డుకు కలిపే ఫ్లెక్స్ పట్టీ మీద చేయి వేస్తారు. వెంట్రుకంత సన్నని తీగను గాజుకూ ప్యానెల్‌కూ మధ్య నుంచి లాగి రెండిటినీ విడదీస్తారు. అమోలెడ్ ప్యానెల్ అయితే తీగ ఏమాత్రం గట్టిగా ఒరుసుకున్నా తెర నల్లబడిపోతుంది. అందుకే ఊపిరి బిగబట్టి చేస్తారు. పాత జిగురు తుడిచి, కొత్త జిగురు పొర, దాని మీద కొత్త గాజు పరిచి, బుడగలు పోయేందుకు బబుల్ రిమూవర్‌లో పెడతారు. కాలేజీ చదువు చదవకపోయినా చేతి నేర్పుతో ఈ పని చేసేవారు మన పట్టణాల్లో వేలల్లో ఉన్నారు. వారి చేతిలో పడిన ఫోన్ మరో రెండేళ్లు బతుకుతుంది, చెత్తలోకి వెళ్లదు.

అదే బజారులో ఇంకో మాట కూడా వినిపిస్తుంది. ‘అన్నా, డిస్‌ప్లే ఎంత?’ అంటే, ‘ఏది కావాలె? ఒరిజినల్ ఉంది, ఫస్ట్ కాపీ ఉంది’ అని ఎదురు ప్రశ్న వస్తుంది. రెండింటి ధరకూ రెండు మూడింతల తేడా. ఒరిజినల్ అని చెప్పేది నిజంగా ఒరిజినలా, పాత ఫోన్ నుంచి ఊడదీసిందా, పెట్టె మాత్రమే ఒరిజినలా అన్నది కొనేవారికి తేల్చుకునే దారి లేదు. అమోలెడ్ ఉన్నచోట చవక ఎల్‌సీడీ బిగిస్తే రంగులు పాలిపోతాయి, బ్యాటరీ తొందరగా అయిపోతుంది, తెర కింద ఉండే వేలిముద్ర సెన్సర్ పనిచేయదు. ఇంటికి వెళ్లాక తెలుస్తుంది. వెనక్కి వస్తే బిల్లు ఉండదు. ఇదంతా మరమ్మతుదారుల మోసమేనని తేల్చేయడం తేలిక, కానీ అది సగం నిజం. చాలా బ్రాండ్ల అసలు స్క్రీన్ వీధి మెకానిక్‌కు నేరుగా దొరకదు. అధీకృత కేంద్రాలకే సరఫరా చేసి, బయటివారికి తలుపు మూశాక, బజారులోకి కాపీలు రాక ఇంకేం వస్తాయి?

తలుపు మూయడానికి ఇప్పుడు తాళం కూడా వేస్తున్నారు. కొన్ని ఫోన్లలో స్క్రీన్‌కు ఉన్న క్రమసంఖ్యను ఫోన్ మదర్‌బోర్డుతో జతచేస్తున్నారు. అదే కంపెనీ, అదే మోడల్ ఫోన్ నుంచి తీసిన అసలు స్క్రీన్ బిగించినా సాఫ్ట్‌వేర్ ఆమోదం లేకపోతే తెర మీద హెచ్చరిక వస్తుంది, కొన్ని సదుపాయాలు ఆగిపోతాయి. 2021లో వచ్చిన ఐఫోన్ 13లో బయట స్క్రీన్ మార్పిస్తే ముఖం చూసి తెరుచుకునే ఫేస్ ఐడీ పనిచేయకపోవడంతో ప్రపంచమంతా రభస అయింది. విమర్శలు పెరిగాక ఆపిల్ ఆ ఆంక్షను సడలించింది. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం 2024లో చేసిన చట్టంలో ఇలా విడిభాగాలను సాఫ్ట్‌వేర్‌తో కట్టిపడేయడాన్ని నిషేధించింది. డబ్బు పెట్టి కొన్న వస్తువులో ఏ భాగం ఎవరితో బిగించుకోవాలో కొన్నవారు నిర్ణయించుకోవాలి. అమ్మేసిన వస్తువు మీద అమ్మినవారి పెత్తనం జీవితాంతం సాగడాన్ని మన దేశమూ ఒప్పుకోకూడదు.

భద్రత కోసమే ఈ కట్టుబాట్లని కంపెనీలు అంటాయి. ఆ వాదనలో కొంత పస ఉంది. తెర లేపేటప్పుడు పరికరం మొన బ్యాటరీకి గుచ్చుకుంటే మంటలు లేస్తాయి. పాస్‌కోడ్ చెప్పించుకుని ఫొటోలు, బ్యాంకు యాప్‌లు తెరిచే ప్రమాదమూ ఉంది. అయితే ఈ భయాలకు విరుగుడు ఏమిటి? అసలు విడిభాగం, మరమ్మతు పుస్తకం, సరైన పనిముట్లు వీధి మెకానిక్‌కు అందుబాటులోకి తేవడం. అవి దొరక్కుండా చేసి, దొరకనందువల్ల జరిగే నష్టాన్నే చూపి ‘బయట చేయించుకోకండి’ అనడం వాదన అనిపించుకోదు.

ఇదే వాదనను మన దేశంలో కార్ల కంపెనీలు పదేళ్ల కిందటే వినిపించాయి. విడిభాగాలు, మరమ్మతు సమాచారం బయటి గ్యారేజీలకు ఇవ్వకుండా సొంత డీలర్ల దగ్గరే ఉంచుకుంటున్నాయన్న ఫిర్యాదుపై కాంపిటీషన్ కమిషన్ విచారణ జరిపింది. 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు కలిపి సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విడిభాగాలు బహిరంగ మార్కెట్‌లో దొరికేలా చూడాలని, బయట మరమ్మతు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీని రద్దు చేయకూడదని ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, ఆ పోరు ఏళ్లు సాగింది. అయినా ఆ ఉత్తర్వు ఒక సూత్రాన్ని నిలబెట్టింది: కారు కొన్నవాడు ఆ కంపెనీ విడిభాగాల మార్కెట్‌కు బందీ కాకూడదు. కారు విషయంలో తప్పయింది ఫోన్ విషయంలో ఒప్పెలా అవుతుంది? కార్ల కంటే ఫోన్లు ఎన్నో రెట్లు ఎక్కువ చేతుల్లో ఉన్నాయి. కాంపిటీషన్ కమిషన్ ఫోన్ల విడిభాగాల మార్కెట్‌ను ఆ కోణంలో పరిశీలించాల్సిన అవసరం ఎంతైనా ఉంది.

సర్వీస్ సెంటర్‌లో అడుగుపెట్టాక వినియోగదారుడు మొట్టమొదట సంతకం పెట్టేది జాబ్‌షీట్ మీద. దాన్ని చదివేవారు అరుదు. పైన పేరు, మోడల్, ఐఎంఈఐ నంబరు, ‘డిస్‌ప్లే బ్రోకెన్’ అన్న రెండు ముక్కలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. కింద చీమల బారులాంటి అక్షరాల్లో షరతులుంటాయి. ఎస్టిమేట్ ఒప్పుకోకపోయినా పరిశీలన రుసుము కట్టాలి. డేటా పోతే బాధ్యత లేదు. విప్పేటప్పుడు ఇంకేదైనా పాడైతే బాధ్యత లేదు. ఇన్ని రోజుల్లో తీసుకెళ్లకపోతే ఫోన్‌పై హక్కు ఉండదు. షరతులు కంపెనీని బట్టి మారుతాయి, వాటి వాలు మాత్రం ఎప్పుడూ ఒకవైపే. ఇలా ఒకవైపే మొగ్గి, వినియోగదారుడి హక్కులను గణనీయంగా హరించే ఒప్పందాలను 2019 చట్టం సెక్షన్ 2(46)లో ‘అన్యాయ ఒప్పందాలు’ అంది. వాటి నిబంధనలు చెల్లవని ప్రకటించే అధికారాన్ని రాష్ట్ర, జాతీయ వినియోగదారుల కమిషన్లకు ఇచ్చింది. జిల్లా కమిషన్‌కు ఆ అధికారం లేదు. ఇది చట్టంలో పెద్ద లోపమని నా అభిప్రాయం. నాలుగు వేల రూపాయల స్క్రీన్ కోసం శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో రాష్ట్ర కమిషన్ దాకా ఎవరు వెళ్తారు? చిన్న మొత్తాల ఒప్పందాలపై జిల్లా కమిషన్లకూ ఆ అధికారం ఇవ్వాలి.

జాబ్‌షీట్ దగ్గర అడగాల్సింది ఇంకొకటి ఉంది, ఎవరూ అడగరు. పగిలిన పాత స్క్రీన్ ఎవరిది? డబ్బు పెట్టి కొన్నవారిది. గాజు మాత్రమే పగిలి లోపలి ప్యానెల్ బాగుంటే దానికి బజారులో మంచి ధర పలుకుతుంది. గాజు మార్చి మళ్లీ వాడతారు. సర్వీస్ సెంటర్లు సాధారణంగా పాత భాగాన్ని అట్టేపెట్టుకుంటాయి. మార్పిడి ధరలో పాతదాని విలువ తగ్గించామని చెబితే ఎంత తగ్గించారో బిల్లులో రాయాలి. తగ్గించకపోతే పాత స్క్రీన్ తిరిగివ్వాలి. కారు బాగుచేయించినప్పుడు పాత భాగాలు చూపించమని అడిగే మనం ఫోన్ దగ్గర ఎందుకు ఊరుకోవాలి?

ప్రొటెక్షన్ ప్లాన్ల గురించి క్లుప్తంగానైనా చెప్పాలి. కొనేటప్పుడు వెయ్యో రెండు వేలో తీసుకుని ‘స్క్రీన్ పగిలితే ఫ్రీ’ అని చెప్పే వీటిలో చాలావాటికి ప్రతి క్లెయిమ్‌కూ కొంత సొమ్ము కట్టాలి. ఏడాదికి ఒక్కసారే అన్న పరిమితి, పగిలిన ఇన్ని గంటల్లో తెలపాలన్న షరతు ఉంటాయి. బయట ఒక్కసారి విప్పించినా చెల్లదంటారు. ప్లాన్ అమ్మేది షాపు, ఇచ్చేది ఇంకో కంపెనీ, వెనక బీమా సంస్థ వేరొకటి. క్లెయిమ్ తిరస్కరిస్తే ముగ్గురూ ఒకరినొకరు చూపిస్తారు. కొనేముందే అది బీమా పాలసీయా, పొడిగించిన వారంటీయా అని రాతపూర్వకంగా అడగండి. బీమా అయితే పాలసీ పత్రం తీసుకోండి. వివాదం వస్తే హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది, రెండు తెలుగు రాష్ట్రాలూ దాని పరిధిలోనివే, ఫీజు లేదు. వారంటీ అయితే వినియోగదారుల కమిషన్ ఉంది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చేయి జారి పగిలిన ఫోన్ల సంగతులు. పడకుండానే పాడైన స్క్రీన్ల కథ వేరు. అమోలెడ్ తెరలున్న కొన్ని ఫోన్లలో నిలువునా ఆకుపచ్చ గీతలు, గులాబీ గీతలు రావడం, తరచుగా అది సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన వెంటనే కనిపించడం గత కొన్నేళ్లుగా మన దేశంలో పెద్ద ఫిర్యాదైంది. వారంటీ దాటిపోయిందని మొదట్లో చాలామందికి ఎస్టిమేట్లు ఇచ్చారు. జనం ఊరుకోలేదు. 2023లో వన్‌ప్లస్ కొన్ని పాత మోడళ్లకు ఈ గీతల సమస్య వస్తే జీవితకాలం స్క్రీన్ వారంటీ వర్తిస్తుందని మన దేశంలో ప్రకటించింది. 2024లో శాంసంగ్ కొన్ని ఖరీదైన గెలాక్సీ మోడళ్లకు ఒకసారి ఉచితంగా స్క్రీన్ మార్చి ఇస్తామంది. రెండూ కంపెనీలు దయతలచి ఇచ్చినవిగా కనిపించవచ్చు. వందల మంది ఒకే లోపాన్ని ఫొటోలతో సహా బయటపెట్టకపోతే అవి వచ్చేవి కావు.

అయినా అది దయగా కాకుండా హక్కుగా రావాలి. ఒకే లోపం ఎందరికో వచ్చినప్పుడు 2019 చట్టం సెక్షన్ 35 కింద అందరి తరఫునా ఒకే ఫిర్యాదు వేసుకునే వీలుంది. సెక్షన్ 17 కింద ఫిర్యాదును జిల్లా కలెక్టర్‌కే ఇవ్వవచ్చు. వినియోగదారులందరి హక్కులకు భంగం కలిగే వ్యవహారాలపై విచారణ జరిపి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు నివేదిక పంపే అధికారం కలెక్టర్‌కు ఉంది. కలెక్టర్ కార్యాలయంలో జరిగే ‘ప్రజావాణి’లో భూమి, పింఛను, ఇంటి పట్టాల అర్జీలు కుప్పలుగా వస్తాయి. ఫోన్ కంపెనీపై అర్జీ ఇవ్వవచ్చని తెలిసినవారు లేరు. కలెక్టర్లకు ఈ అధికారం ఉందన్న సంగతి ఆ కార్యాలయ బోర్డు మీద రాసి పెట్టినా ఎంతో మేలు.

విడిగా పోరాడేవారికి దారి కష్టమైనదేమీ కాదు. 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ తెలుగులోనే మాట్లాడుతుంది. ఫిర్యాదును నేరుగా కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తుంది. దానికి ఆదేశించే అధికారం లేకపోయినా చాలా చిన్న తగాదాలు అక్కడే తెగిపోతాయి. తెగకపోతే జిల్లా కమిషన్. కొన్న వస్తువుకు, పొందిన సేవకు చెల్లించింది ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. కంపెనీ ఏ మహానగరంలో ఉన్నా మీరు నివసించే, పనిచేసే జిల్లాలోనే కేసు వేయవచ్చు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. రెండేళ్లలోపు వేయాలి. వీధి మెకానిక్ చేసిన పనికీ ఇదే వర్తిస్తుంది, డబ్బు తీసుకుని చేసింది సేవే. బిల్లు ఇవ్వకపోవడాన్ని చట్టం ‘అనుచిత వ్యాపార పద్ధతి’గా లెక్కిస్తుంది. మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే ఐదు నెలల్లో కేసు తేల్చాలని చట్టం అంటున్నా ఆచరణలో అంతకంటే చాలా ఎక్కువ పడుతోంది. ఖాళీలు నింపి, కమిషన్లకు సిబ్బందిని ఇవ్వాల్సిన బాధ్యత రాష్ట్ర ప్రభుత్వాలది.

అయితే కేసులు పెట్టడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. మార్పు అమ్మకం దగ్గర రావాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఆ దిశగా కొన్ని అడుగులు వేసింది. 2022 జులైలో ‘మరమ్మతు హక్కు’పై కమిటీ వేసి వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలను ఎంచుకుంది. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, ఒక పోర్టల్ తెరిచింది. ఆపైన ఫోన్లు, ట్యాబ్లెట్లకు ‘మరమ్మతు యోగ్యత సూచీ’ ఎలా ఉండాలో తేల్చేందుకు శాఖ అదనపు కార్యదర్శి భరత్ ఖేరా అధ్యక్షతన కమిటీ పనిచేసింది. నివేదిక 2025 మే 3న అందింది. ఫోన్‌ను విప్పడం ఎంత తేలిక, మరమ్మతు సమాచారం ఇస్తున్నారా, విడిభాగాలు సకాలంలో దొరుకుతున్నాయా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నాళ్లు, పనిముట్లు, మరలు ఎలాంటివి అన్న ఆరు అంశాల మీద మార్కులు వేస్తారు. ఆ మార్కులను షాపుల్లో, ఆన్‌లైన్ అమ్మకాల్లో, పెట్టె మీద క్యూఆర్ కోడ్‌గా చూపాలని కమిటీ చెప్పింది. తరచుగా పాడయ్యే భాగాల జాబితాలో బ్యాటరీతో పాటు డిస్‌ప్లే కూడా ఉంది.

మంచి నివేదికే. కానీ ఆ ఆరింటిలో ధర లేదు. విడిభాగం దొరుకుతుందా అని అడిగే సూచీ, ఎంతకు దొరుకుతుందని అడగకపోతే ఏం ప్రయోజనం? ఫోన్ సగం ధరకు దొరికే స్క్రీన్ పేదవారికి దొరకనట్టే లెక్క. ఫ్రాన్స్ 2021 జనవరిలో ఇలాంటి సూచీ మొదలుపెట్టినప్పుడు విడిభాగాల ధరను ప్రత్యేక అంశంగా పెట్టింది. ఉత్పత్తి ధరతో పోలిస్తే విడిభాగం పదిశాతం లోపుంటే పూర్తి మార్కులు, ముప్పైశాతం దాటితే సున్నా. ఆ లెక్కన మన బజారులోని చాలా ఫోన్లు ఆ గడిలో సున్నా దగ్గర నిలబడతాయి. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి ఫోన్ల అమ్మకం ఆపేశాక కూడా ఏడేళ్లపాటు ముఖ్యమైన విడిభాగాలు అందుబాటులో ఉంచాలి. వాటి ధరలను అందరూ చూసేలా వెబ్‌సైట్‌లో పెట్టాలి. మరమ్మతు యోగ్యతను లేబుల్ మీద ముద్రించాలి. అక్కడ ఈ నిబంధనలకు తలొగ్గిన కంపెనీలే ఇక్కడా అమ్ముతున్నాయి. చేయగలిగిన పనిని మన దగ్గర చేయకపోవడానికి మనం అడగకపోవడం తప్ప మరో కారణం కనిపించదు.

పెట్టె మీద అచ్చువేయించడం మనకు కొత్త కాదు. లీగల్ మెట్రాలజీ నిబంధనలు–2011 ప్రకారం ఎంఆర్పీ, తయారీదారు పేరు, ఫిర్యాదు నంబరు ఉండాల్సిందే. ఫోన్ రేడియేషన్ స్థాయి తెలపాలన్న నిబంధన 2012 నుంచి ఉంది. ఫ్రిజ్, ఏసీ మీద స్టార్లు 2006లో మొదలైనప్పుడు ఎవరు చూస్తారన్నారు. ఇవాళ పల్లెటూరి షాపులో కూడా ‘ఎన్ని స్టార్లది?’ అనే మొదట అడుగుతున్నారు, కరెంటు బిల్లు గుర్తుంది కాబట్టి. స్క్రీన్ బిల్లు ఒక్కసారి కట్టినవారికి అదీ గుర్తుంటుంది. వారికి కావలసింది పోల్చుకోవడానికి ఒక అంకె.

కేంద్రం ఆ సూచీని కంపెనీల ఇష్టానికి వదలకుండా నోటిఫికేషన్‌తో తప్పనిసరి చేయాలి. విడిభాగాల ధరను ఏడో అంశంగా చేర్చాలి. పన్నుతో కలిపి స్క్రీన్ మార్పిడి ఖర్చు ఎంతో పెట్టె మీద ఎంఆర్పీ పక్కనే ముద్రించాలి. ఆ ధరకే అసలు స్క్రీన్ వీధి మెకానిక్‌కూ అమ్మాలి. అంతవరకూ పాఠకులు చేయగలిగింది ఒకటుంది. ఈసారి ఫోన్ కొనేటప్పుడు డబ్బు కట్టేముందు స్క్రీన్ ధర అడగండి, బిల్లు వెనకే రాయించుకోండి. రాయనంటే పక్క షాపుకు వెళ్లండి.